నాలుగో చెయ్యి

గరాజ్‌లో ఒక మడత బల్ల, దానిమీద పరిచిన ఆకుపచ్చ దుప్పటి. నాలుగు కుర్చీలు, వాటిలో రెండు జత, మిగతా రెండూ దేనికదే. గోడకి వెల్డింగ్ ముసుగు, సైజులవారీగా వేలాడదీసిన రెంచీలు, చిలీ దేశపు దక్షిణ కొస పటం. మూలన పనిచేయని ఫ్రిజ్, దానిమీద పనిచేసే రేడియో. మనుషులు: నోనో, నోనా, బార్బా, మా అమ్మమ్మ, నేను. ఆదివారం మధ్యాహ్నం. గరాజ్ తలుపు సగం వరకే ఎత్తి ఉండేది కాబట్టి వీధిలో పోయేవాళ్ళకి మా కాళ్ళు మాత్రమే కనిపించేవి. మూడు జతల బూట్లు, నా చెప్పులు, చీర కుచ్చెళ్ళ కింద తెల్ల సాక్సులు.

పోయిన వారం అమ్మ ఫ్రీమాంట్ నుంచి ఫోన్ చేసింది. నేను వేరే రాష్ట్రంలో, బాతెల్‌లో, ల్యాబ్‌లో ఉన్నాను.

"పక్కింటి గరాజ్ కొట్టేస్తున్నార్రా. కొత్తవాళ్ళు అక్కడ రూమ్ కట్టి రెంట్‌కి ఇస్తారట."

"ఆ బల్ల?"

"ఏ బల్ల? డంప్‌స్టర్ నిండా ఏవేవో ఉన్నాయి. నేను చూళ్ళేదు."

నోనా ఈ చలికాలం పోయింది. ఇల్లు అమ్మకానికి పెట్టారని అప్పుడే తెలుసు. అయినా గరాజ్ కొట్టేస్తారని తోచలేదు. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తుంటే ఆ గరాజ్ వాసన గుర్తొచ్చింది. మోటారు ఆయిల్, కాలిన కమలాతొక్క, ఎండుగడ్డిలాంటి మేట్ ఆకు. ఈ మూడూ కలిసిన వాసన నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

నోనో, నోనా మా పక్కింటివాళ్ళు. ఆ మాటలకి వాళ్ళ భాషలో తాత, మామ్మ అని అర్థం. మొదట్లో నేను ఆయన్ని అంకుల్ అనేవాణ్ణి. "నేను ఎవరికీ అంకుల్‌ని కాను" అని కోప్పడ్డాడు. నోనో తమ్ముణ్ణి మాత్రం బార్బా అనమన్నారు. ఊళ్ళో పెద్దాయనని అలా పిలుస్తారట. బార్బా అక్కడికి ఒక మైలు దూరంలో, ఒక అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండేవాడు.

మీది ఏ దేశమని అడిగితే నోనో ఒకరోజు క్రొయేషియా అనేవాడు, ఒకరోజు చిలీ అనేవాడు. రెండూ నిజమే. వాళ్ళ తాతలది ఏడ్రియాటిక్ సముద్రంలో ఒక రాళ్ళ దీవి. ద్రాక్షతోటలకి తెగులు పట్టి ఎండిపోతే, ఊళ్ళకి ఊళ్ళు ఓడెక్కి చిలీ దక్షిణ కొసకి చేరాయట. "బంగారం దొరుకుతుందన్నారు. దొరికింది గొర్రెలూ గాలీ" అనేవాడు నోనో. అక్కడ గాలికి మనుషులు కొట్టుకుపోకుండా వీధుల్లో తాళ్ళు కడతారని చెప్తే అమ్మమ్మ నమ్మలేదు. కాకినాడ మనిషి. గాలంటే ఆవిడకి తుపానే.

"ఎన్నాళ్ళుంటుంది ఆ తుపాను?" అంది.

నేను ఇంగ్లీషులో అడిగాను. "ఏడాది పొడుగునా" అంది నోనా.

"మరి బట్టలెలా ఆరేస్తారండీ?"

"మామూలుగానే ఆరేస్తాం. తర్వాత వెతుక్కుంటాం."

నేను నాలుగో క్లాసులో ఉన్న ఏడాది, చెల్లి పుట్టిందని అమ్మమ్మ వచ్చింది. చెల్లి నిద్రపోయే మధ్యాహ్నాలు ఆవిడకి ఏమీ తోచేది కాదు. కాకినాడలో రోజూ నలుగురాడవాళ్ళు కూడి ఇరవై ఎనిమిది పేకాట ఆడేవారట. ఇక్కడ పెరట్లో గొడుగు బల్లమీద ఒక్కతే పేక పరుచుకుని, తనే కలిపి, తనే పంచి, నాలుగు చేతులూ తనే ఆడేది. ఏ చెయ్యి గెలిచినా ముఖం చిట్లించుకునేది.

అప్పటికి పక్కింట్లో పేక ఆగిపోయింది. వాళ్ళది త్రెషేత అనే ఆట. నలుగురు కావాలి, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ జత. నోనో, బార్బా ఒక జత. నోనా, వాళ్ళ ఊరివాడే ఒక స్నేహితుడు ఇంకో జత. ఆ స్నేహితుడు వసంతంలో పోయాడు. తర్వాత కూడా బార్బా ప్రతి ఆదివారం వచ్చేవాడు. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చునేవారు. పేక కట్ట మధ్యలో ఉండేది. కాసేపటికి బార్బా టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు కంచె మీదుగా నోనో తల కనిపించింది. అమ్మమ్మ ముక్కలు పంచే తీరు చూస్తున్నాడు.

"మీ అమ్మమ్మకి తీరికుంటుందేమో అడుగు" అన్నాడు నాతో.

"అమ్మమ్మా, వాళ్ళకి ఫోర్త్ పర్సన్ కావాలంట. కార్డ్స్‌కి."

"నాలుగో చెయ్యా?" అంది అమ్మమ్మ. అప్పటికే లేచి నిలబడింది. ఏ ఆట అని అడగలేదు.

లోపల్నుంచి అమ్మ వచ్చింది. "అమ్మా, వాళ్ళ ఆటేమిటో, భాషేమిటో..."

"పేకముక్కలు ఎక్కడైనా పేకముక్కలేనే. నువ్వు పిల్లకి పాలు పట్టు."

ఆ ముక్కలు మాత్రం మన ముక్కలు కావు. డైమండు, ఇస్పేటు ఏవీ లేవు. నాణేలు, గిన్నెలు, కత్తులు, కర్రలు. అమ్మమ్మ వాటికి అక్కడే పేర్లు పెట్టింది: కాసులు, చెంబులు, కత్తులు, దుడ్డుకర్రలు. అందులో మూడు అన్నిటికన్నా పెద్ద ముక్క. దాని తర్వాత రెండు, తర్వాత ఆసు, ఆ తర్వాతే రాజు.

"మూడు వచ్చి రాజుని కొట్టడవేమిటి? ఇదెక్కడి రాజ్యం!" అంది. అయినా రెండు చేతులు ఆడేసరికి ఆట పట్టేసింది. నోనా ఎదురుగా కూర్చుని ఆవిడ జత అయింది. అమ్మమ్మ నోనాని వదినగారూ అని పిలిచింది. నోనోని అన్నయ్యగారన్నది. బార్బా తనకన్నా చిన్నవాడా పెద్దవాడా తేలక అతన్ని ఏమీ అనలేదు.

మూడో చేతిలో బార్బా ఒక చెంబు వేసి, వేళ్ళ కణుపులతో బల్లమీద టక్కున కొట్టాడు. వెంటనే నోనో ఆ రంగులో తన దగ్గరున్న పెద్ద ముక్క వేశాడు.

అమ్మమ్మ తన ముక్కలు బోర్లా పెట్టేసింది. "తొండి!"

"ఏమంటున్నారావిడ?" అంది నోనా.

"మీరు చీటింగ్ చేస్తున్నారంట" అన్నాను.

బార్బా కుర్చీలోంచి సగం లేచాడు. నోనా నవ్వడం మొదలుపెట్టి కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వింది. అప్పుడు చెప్పారు. ఈ ఆటలో నోరెత్తి మాట్లాడకూడదు కానీ ముక్క దిగేవాడు జతకి సైగ చేయొచ్చు. బల్లమీద కొడితే, నీ దగ్గరున్న పెద్దది వేసి పట్టు తీసుకుని మళ్ళీ ఇదే రంగు నాకు తిప్పు అని. ముక్కని దుప్పటిమీద జరిపితే, ఈ రంగు నా దగ్గర ఇంకా ఉందని. ఎగరేసి వేస్తే, ఇక లేదని.

"మా ఊళ్ళో ఇలా సైగ చేస్తే చెయ్యి విరిచేసేవాళ్ళు" అంది అమ్మమ్మ.

"మా ఊళ్ళో చేయకపోతే విరిచేస్తారు" అన్నాడు నోనో.

అమ్మమ్మ బోర్లించిన ముక్కలు ముట్టలేదు. "సరే. చేతిలో సరుకు లేకుండా కొడితే?"

నేను అడిగాను. నోనో నవ్వు ఆపి చెప్పాడు. "మా వీధిలో ఒకడు అలా అబద్ధం కొట్టాడు. వాణ్ణి తర్వాత ఏ పెళ్ళికీ పిలవలేదు."

"చావుకి?"

"చావుకి వెళ్ళాం. మొయ్యడానికి నలుగురు ఉండాలిగా."

ఆ మాటకి అమ్మమ్మ తలూపి తన ముక్కలు తీసుకుంది.

ఆ వారమంతా నేను స్కూల్లో డెస్క్‌మీద కొట్టి, పెన్సిళ్ళు జరిపి, ఎరేజర్లు ఎగరేసి, ఒకరోజు రిసెస్‌లో లోపలే కూర్చోవలసి వచ్చింది. అమ్మమ్మ మాత్రం నెల తిరక్కుండానే కణుపులతో కొట్టడంలో బార్బాని మించిపోయింది. బంగారు గాజులు కూడా మోగేవి కాబట్టి ఆవిడ దెబ్బ ఇంకా గట్టిగా వినపడేది.

ఒప్పుకోనిది ఒక్కటే. మేట్. ఎండిన సొరబుర్రలో ఆకు పోసి, వేడినీళ్ళు నింపి, ఒకే వెండి గొట్టంతో అందరూ వంతులవారీగా తాగుతారు. అది ముందు అతిథికి ఇవ్వడం మర్యాద. నోనో రెండు చేతులతో అందించాడు. అమ్మమ్మ గొట్టం వంక చూసింది, నా వంక చూసింది.

"ఎంగిలి కదురా!"

ఎంగిలి అనే మాటకి ఇంగ్లీషు నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. "షీ ఈజ్ అలర్జిక్" అన్నాను. మరుసటి ఆదివారం నుంచి ఆవిడ తన స్టీలు గ్లాసు తీసుకెళ్ళి, అందులో పోయించుకుని, పెదవులకి తగలకుండా ఎత్తి పోసుకునేది. బార్బా ఆ ధారని కన్నార్పకుండా చూసేవాడు. నేనొకసారి గొట్టంతో పీల్చి చూశాను. వేపాకు కషాయం అంటే అదేనేమో.

వాళ్ళ ఆటలో అసలు సందడి చెయ్యి అయిపోయాక మొదలవుతుందని నోనా చెప్పింది. ఆడుతున్నంతసేపూ నోరు మూసుకున్నవాళ్ళు అప్పుడు ఒక్కసారిగా మీదపడతారు. ఆ కత్తి ఎందుకు దిగావు, రాజుని ఎందుకు దాచావు అని జతగాణ్ణి నానా మాటలూ అంటారు. ఆ తగవు లేకపోతే ఆట ఆడినట్టే కాదు. అమ్మమ్మ, నోనా తెలుగులోనూ స్పానిష్‌లోనూ హాయిగా పోట్లాడుకునేవారు. బల్లకి అటూ ఇటూ ఉన్న అన్నదమ్ములు మాత్రం ముక్కలు సర్దుకుంటూ కూర్చునేవారు.

"వాణ్ణి పంచమను" అనేవాడు నోనో, నోనాతో.

"కలపలేదని చెప్పు" అనేవాడు బార్బా, నోనాతోనే.

ఇద్దరి మధ్యా మూడడుగుల బల్ల.

సంగతి నాకు వాళ్ళ వంటింట్లో తెలిసింది. నోనా ఎండుద్రాక్ష, నిమ్మతొక్క కలిపిన పిండిని పిడికిట్లో పట్టి, బొటనవేలు పక్కనుంచి పైకి నొక్కి, చెంచాతో నూనెలో జారవిడుస్తోంది.

"పునుగులు కదండీ ఇవి!" అని అమ్మమ్మ చీర చెంగు దోపుకుని తనూ పిండిలో చెయ్యి పెట్టింది. పిండిలో ఒక సీసాలోంచి ఏదో పోసింది నోనా.

"అదేమిట్రా?"

లేబుల్ చదివాను. బ్రాందీ. "ఫ్లేవర్" అన్నాను. అమ్మమ్మ ఆరు తింది.

నూనె ముందు నిలబడే నోనా చెప్పుకొచ్చింది, నేను తెలుగులో చెప్తూ వచ్చాను. అన్నదమ్ములిద్దరికీ ఆ దక్షిణపు సముద్రంలో ఒక పడవ ఉండేది. పీతలు పట్టేవారు. పడవ కట్టింది బార్బా, తన చేతుల్తో, రెండేళ్ళు. ఒక చలికాలం బార్బా కాలు విరిగి ఆసుపత్రిలో ఉంటే నోనో ఆ పడవని కట్టెల కింద అమ్మేశాడు. ఎందుకో చెప్పలేదు. తమ్ముడికే కాదు, నోనాకి కూడా చెప్పలేదు. తర్వాత వీళ్ళు కాలిఫోర్నియా వచ్చేశారు, నోనో షిప్‌యార్డ్‌లో వెల్డర్ అయ్యాడు. కొన్నాళ్ళకి బార్బా కూడా వచ్చాడు. వచ్చిన మొదటి ఆదివారం గరాజ్‌లోకి నడిచి, ఒక్క మాట లేకుండా అన్న ఎదురుగా కూర్చున్నాడు.

"మాట్లాడనివాడు ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?" అంది అమ్మమ్మ.

"జత ఇక్కడ ఉన్నాడు కదా" అంది నోనా.

వాళ్ళు మాట్లాడుకోక అప్పటికి పదిహేడేళ్ళు.

నోనా స్టవ్ కట్టేసింది. అప్పటికే నోనో ముక్కుకి ఆక్సిజన్ గొట్టం వచ్చింది. ఊపిరితిత్తులు పాడయ్యాయి, క్రిస్మస్ దాటడం కష్టమన్నారట డాక్టర్లు.

"మాట్లాడకుండా ఈయన పోతే ఆయన మళ్ళీ ఈ గుమ్మం ఎక్కడు. ఆయనకీ ఎవరూ లేరు. ఆ అపార్ట్‌మెంట్‌లో గోడ చూసుకుంటూ పోతాడు."

"మీరు గట్టిగా అడగలేకపోయారా వదినగారూ?"

"అడిగాను. ఎంత అడిగితే అంత బిగుసుకుంటాడు. ఇద్దరూ ఆ దీవి రాళ్ళే."

అమ్మమ్మ వేయించినవాటి మీద పంచదార చల్లింది.

అక్టోబరు మొదట్లో ఒక ఆదివారం. వీధిలో గుమ్మాల ముందు గుమ్మడికాయలు పెడుతున్నారు. ఆక్సిజన్ సిలిండర్ ఉంది కాబట్టి ఎవరూ పొగ తాగకూడదని బార్బా చుట్ట వీధిలోనే పారేసి వచ్చాడు. నోనో బాగా చిక్కిపోయాడు. ముక్కలు పట్టుకున్న చెయ్యి దుప్పటిమీద ఆనించి ఆడుతున్నాడు. నేను అమ్మమ్మ వెనక నిలబడి ఆవిడ ముక్కలు చూస్తున్నాను. కత్తుల్లో ఆసు, రెండు, రాజు, ఇంకో నాలుగు చిన్నవి ఉన్నాయి. మూడు ఎవరి దగ్గరుందా అని ఆవిడ చూస్తోంది.

దిగడం నోనో వంతు. కత్తుల్లో నాలుగు వేశాడు. అది అన్నిటికన్నా చిన్న ముక్క. వేసి, బల్లమీద కొట్టాడు. గట్టిగా.

అమ్మమ్మ తన ముక్కలు మరోసారి చూసుకుంది. ఆ రంగు ఎక్కడుందో ఆవిడకి తెలుసు. చిన్న కత్తి వేసింది. బార్బా ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మూడు వేసి పట్టు తీసుకున్నాడు. అన్న అడిగినట్టే కత్తి తిప్పాడు. నోనో చెంబు వేశాడు.

అంటే నోనో దగ్గర ఇంకొక్క కత్తి కూడా లేదు.

అమ్మమ్మ రెండుతో ఆ పట్టు తీసుకుంది. తర్వాత ఆసు, రాజు, చిన్నవి, వరసగా. ఎవరికీ ఏమీ మిగల్లేదు. ఆఖరి పట్టు కూడా అమ్మమ్మే బోర్లించింది.

బార్బా తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. తర్వాత అన్న వంక చూశాడు. అరిచాడు.

ఏ భాషలో అరిచాడో నాకు తెలియదు. ఇంగ్లీషు కాదు, స్పానిష్ కూడా కాదు, ఆ దీవి భాషేనేమో. నోనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఆవిడ చొక్కా లాగాను. ఆవిడ మెల్లగా ఇంగ్లీషులో చెప్తూ వచ్చింది.

"గాడిదా, చేతిలో ఇంకొక్క కత్తి లేకుండా కొడతావా అంటున్నాడు... చిన్నప్పట్నుంచీ ఇంతే, లేనిది ఉందంటావు, ఉన్నది చెప్పవు అంటున్నాడు..." అక్కడ ఆగింది. "పడవ అన్నాడు."

నోనో మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ బదులు చెప్పాడు. "అడుగు కుళ్ళిపోయింది."

"ఏమిటి కుళ్ళేది? నేను వేసిన అడుగా?"

"నువ్వు వేసిందే."

"ఏ పలక?"

"కుడివైపు. ముందునుంచి మూడోది. మేకు గోరుతో లాగితే వచ్చింది."

"తారు పూశాను దానికి! రెండుసార్లు!"

"పూశావు. కిందనుంచి కుళ్ళింది. ఇంకో తుపానుకి ఇద్దరం పోయేవాళ్ళం."

"ఆ మాట అప్పుడే చెప్పడానికి నోరు లేదా?"

"కాలు విరిగి పడుకున్నవాడికి, నీ పడవ మనల్ని ముంచేదని ఎలా చెప్పను?"

"మర్నాడు చెప్పు! ఆ పై నెల చెప్పు! పదిహేడేళ్ళూ నా కాలు విరిగే ఉందా?"

నోనోకి నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది. నోనా సిలిండర్ వాల్వు తిప్పింది. బార్బా అరవడం ఆపి అన్న వీపు మీద చెయ్యి వేసి, దగ్గు తగ్గేదాకా ఉంచి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఏమంటున్నార్రా?" అంది అమ్మమ్మ.

"బోట్ కింద వుడ్ పాడైపోయిందంట."

"అంతేనా?"

"అంతే."

అమ్మమ్మ లెక్క రాసే సుద్దముక్క కింద పెట్టేసింది. ఆ చెయ్యి మేమే గెలిచాం. ఎవరూ రాయలేదు.

ఇంటికొచ్చాక అమ్మ అంతా విని, "ఆక్సిజన్ తగ్గితే అలాగే కన్ఫ్యూజ్ అవుతారమ్మా. పాపం, ఏం వేస్తున్నాడో తెలిసుండదు" అంది.

"తెలియకపోవడమేమిటి! పాలు తాగే వయసునుంచీ ఆడుతున్న మనిషి. కావాలనే కొట్టాడు."

"ఎందుకు కొడతాడు?"

"తిట్టించుకోడానికి."

అమ్మ నమ్మలేదు. నేను నమ్మాను. తర్వాత చదువుకున్న చదువు ప్రకారం చూస్తే అమ్మ చెప్పిందే ఎక్కువ సంభావ్యం. ఇప్పటికీ నేను అమ్మమ్మ వైపే.

మరుసటి ఆదివారం పేక బల్లమీదికి రాలేదు. బార్బా ఎక్కడిదో ఒక చెక్కముక్క తెచ్చాడు. తేమ ఏ వైపునుంచి ఎక్కుతుందో చూపిస్తూ సుద్దతో ఆకుపచ్చ దుప్పటిమీద పడవ అడుగు గీశాడు. నోనో తప్పని చెరిపి, మళ్ళీ గీశాడు. ఆ పై వారం కూడా అంతే. నోనా మేట్ నింపి ఇద్దరికీ మార్చి మార్చి అందించేది. అమ్మమ్మ ఆడటానికి ఏమీ లేకపోయినా వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, అర్థంకాని ఆ తగవంతా శ్రద్ధగా వినేది. మధ్యలో నన్ను అడిగేది, "ఇంకా ఆ పలకేనా?" అవునంటే తృప్తిగా తలూపేది.

ఆ నెలాఖరున బార్బా చాలాసేపు దుప్పటిమీది గీతలు చూసి, ఒక మాట అన్నాడు. నోనా నా చెవిలో చెప్పింది: "కావచ్చు అన్నాడు."

నోనో థాంక్స్‌గివింగ్ కన్నా ముందే పోయాడు. ఆ వచ్చిన బుధవారమే, తెల్లవారేసరికి. అమ్మ పెద్ద గిన్నె నిండా పులిహోర చేసి పంపింది. చర్చినుంచి వచ్చినవాళ్ళు దాన్ని ప్లేట్లలో పెట్టుకుని మెల్లగా తిన్నారు. బార్బా ఏమీ తినలేదు. అమ్మమ్మ అతని పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఉమ్మడి భాష ఏదీ లేదు కాబట్టి ఊరుకున్నారు.

తర్వాతి ఆదివారం గరాజ్ తలుపు మళ్ళీ సగం లేచింది. వెళ్ళాం. బార్బా తన కుర్చీలో ఉన్నాడు. ఎదుటి కుర్చీ ఖాళీ. నోనా నా భుజం మీద చెయ్యి వేసి, "వీడికి ఆట వచ్చు" అంది.

బార్బా నన్ను చూశాడు. కోపంగా కాదు. "వద్దు. వాడితో ఇంకా తేలలేదు" అన్నాడు ఇంగ్లీషులో.

తర్వాత దుప్పటిమీద చెరిగిపోయిన సుద్దగీతల మీద వేలు పెట్టి, ఎదుటి కుర్చీకేసి తలెత్తి, వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. కాసేపు ఆగాడు. నోనా లేచి లోపలికి వెళ్ళింది. వెనకే వెళ్ళి ఏమడిగాడని అడిగితే, సింక్ ముందు నిలబడి చెప్పింది. ఎడమవైపు పలకలు కూడా చూశావా అని అడిగాడట. అది అడగడం మర్చిపోయాడట.

జనవరిలో అమ్మమ్మ కాకినాడ వెళ్ళిపోయింది. ఇంకోసారి వచ్చింది కానీ అప్పటికి బార్బా లేడు. ఇప్పుడు అమ్మమ్మా లేదు. ఆ ఏడాది పుట్టిన చెల్లికి వీళ్ళెవరూ తెలియదు. కాలేజీ నుంచి ఫోన్ చేసినప్పుడు చెప్పబోతే, "వెయిట్, చిలీలో క్రొయేషియన్సా?" అంది. ఆ దీవి భాష, ఆ గాలి ఊరి కబుర్లు, కత్తులూ చెంబులూ ఉన్న ముక్కలతో ఆడే ఆట, ఫ్రీమాంట్‌లో ఆ వీధిలో ఇప్పుడు ఎవరికీ తెలియవు. అక్కడ ఉన్నవాళ్ళంతా నాలాంటివాళ్ళే. పొద్దున్నే రైలెక్కి ఆఫీసులకి వెళ్తారు.

ఆ అన్నదమ్ములు మాట్లాడుకున్నది మొత్తం నాలుగు ఆదివారాలు.